మొదటి కారు, అదీ తక్కువ రేటులో పాత కారు: కొనేముందు ఏం చూడాలి, ఏ వరసలో చూడాలి

తక్కువ రేటులో దొరికే ప్రతి పాత కారుకీ ఏదో ఒక రోగం ఉంటుంది, ఈ మాట ముందే ఒప్పుకుని వెళ్తే సగం మోసాల నుంచి బయటపడినట్టే. ఎందుకంటే మచ్చలేని కారు కోసం వెతికేవాళ్ళే పాలిష్ కొట్టిన కారు చూసి పడిపోతారు. మన పని ఆ రోగం ఏంటో కనిపెట్టడం, తర్వాత అది డబ్బుతో పోయేదా లేక కారు ఉన్నన్నాళ్ళూ పోనిదా అని తేల్చుకోవడం. అరిగిన టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, చచ్చిన బ్యాటరీ, షాకప్స్, క్లచ్ ప్లేట్ ఇవన్నీ డబ్బుతో పోతాయి, ఎంతవుతుందో ఒక మెకానిక్‌ని అడిగితే ముందే చెప్తాడు, ఆ మొత్తం రేటులో తగ్గించుకోవచ్చు. చాసిస్ (కారు లోపలి అస్థిపంజరం) వంగిన కారు, వరదలో మునిగిన కారు, అడుగు తుప్పు పట్టిన కారు, వేడెక్కే ఇంజిన్, జారే ఆటోమేటిక్ గేర్‌బాక్స్, కాగితాల్లో తేడా ఉన్న కారు, వీటిని సగం రేటుకిచ్చినా తీసుకోవద్దు. కింద చెప్పేదంతా ఈ రెండు రకాలనీ విడదీయడానికే, వరస కూడా కావాలనే అలా పెట్టాను, దయచేసి దాటేయకండి.

1. ఇంట్లో కూర్చుని చేసే పని

చేతిలో ఉన్న డబ్బంతా కారు రేటుకే పెట్టేయొద్దు. సుమారు ఐదో వంతు పక్కన పెట్టేసి మిగిలిన దాంట్లోనే కారు వెతకండి. కొన్న మొదటి రెండు మూడు నెలల్లో బండి ఏదో ఒకటి అడుగుతుంది, టైర్లో బ్యాటరీనో టైమింగ్ బెల్టో (ఇంజిన్ లోపలి భాగాలని ఒకదానితో ఒకటి కలిపి తిప్పే పట్టీ), అప్పుడు డబ్బుల్లేక అలాగే నడిపితే చిన్న రిపేర్ పెద్ద రిపేర్ అవుతుంది. ఇన్సూరెన్స్ ఎంత పడుతుందో కూడా కారు చూడ్డానికి వెళ్ళకముందే కనుక్కోండి, కొత్త డ్రైవర్లకి చాలా దేశాల్లో ప్రీమియం ఎక్కువ, ఒక్కోసారి ఇంజిన్ సైజు కొంచెం పెరిగితేనే బాగా తేడా వస్తుంది.

మోడల్ విషయంలో నా సలహా ఒకటే, మీ చుట్టుపక్కల రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మోడల్ తీసుకోండి. పార్టులు అన్ని షాపుల్లో దొరుకుతాయి, ప్రతి మెకానిక్ చేతికీ అలవాటు ఉంటుంది. పాత లగ్జరీ కారు చిన్న కారు రేటుకే వస్తుంటే చాలామందికి ఆశ పుడుతుంది, అక్కడే బోల్తా పడతారు. కారు రేటు పడిపోతుంది కానీ దాని పార్టుల రేటు పడదు, కొత్తగా ఉన్నప్పుడు ఆ కారు ఏ స్థాయిదో రిపేర్ బిల్లు కూడా ఆ స్థాయిలోనే వస్తుంది. టర్బో, డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, ఎయిర్ సస్పెన్షన్ లాంటి క్లిష్టమైన భాగాలు లేని మామూలు పెట్రోల్ ఇంజిన్, మాన్యువల్ గేర్ ఉన్న బండి మొదటి కారుకి సరిపోతుంది. రోజూ చిన్న చిన్న దూరాలే తిరిగేవాళ్ళు డీపీఎఫ్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టేది) ఉన్న డీజిల్ జోలికి వెళ్ళొద్దు, ఆ ఫిల్టర్‌లో చేరిన మసి కాలిపోవాలంటే బండి బాగా వేడెక్కి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి, లేకపోతే మూసుకుపోతుంది, మార్చడం చాలా ఖర్చు.

డబ్బు తక్కువని సేఫ్టీ వదిలేయకండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు ఉండాలి, బండి జారినప్పుడు అదుపులో పెట్టే ఈఎస్‌సీ కూడా ఉంటే ఇంకా మంచిది. అమెరికాలో 2012 మోడల్ నుంచి, యూరప్‌లో 2014 చివరి నుంచి కొత్త కార్లకి ఈఎస్‌సీ తప్పనిసరి చేశారు, కాబట్టి పాత కార్లలో కూడా అది ఉన్నవి వెతికితే దొరుకుతాయి. కొత్తగా నడిపేవాళ్ళకే ఇది ఎక్కువ అవసరం.

2. ఫోన్‌లో అడగాల్సినవి

బండి మీ పేరు మీదే ఉందా, ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నారు, ఎందుకు అమ్ముతున్నారు, లోన్ ఏమైనా ఉందా, ఎప్పుడైనా గుద్దుకుందా, టైమింగ్ బెల్ట్ మార్చారా, బిల్లులున్నాయా. జవాబుల కన్నా జవాబు చెప్పే తీరు వినండి. సొంతంగా వాడుకున్నవాళ్ళు "ఏసీ కొంచెం వీక్, వెనక డోర్ లోపల్నుంచి తెరుచుకోదు" అని వాళ్ళే చెప్పేస్తారు. "సింగిల్ హ్యాండ్, సూపర్ కండిషన్, ఒక్క రూపాయి పని లేదు" అనే మాట తప్ప ఇంకేం రాకపోతే జాగ్రత్త.

ఫోన్ పెట్టేసే ముందు ఒక్కటి గట్టిగా చెప్పండి: నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు. చల్లటి ఇంజిన్ దగ్గర తెలిసే విషయాలు వేడి ఇంజిన్ దగ్గర తెలియవు. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఎందుకు తిప్పారని అడగండి, నిజంగా పనుండి తీసుంటే ఇంకో రోజు వస్తామనండి.

వెళ్ళేది పగటి పూటే, వాన లేనప్పుడే. తడి బండి మీద, లైట్ల వెలుగులో పెయింట్ తేడాలు అస్సలు కనిపించవు. టార్చ్, పాత గుడ్డ, గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, వీలైతే ఫోన్‌కి కనెక్ట్ అయ్యే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివేది) పట్టుకెళ్ళండి. తోడుగా ఒక మనిషి ఉండాలి, ఆయనకి కార్లు తెలియకపోయినా పర్లేదు, మీరు స్టార్ట్ చేసినప్పుడు వెనక నిలబడి పొగ చూడ్డానికి, మీరు ఆవేశపడితే ఆపడానికి.

3. ముందు కాగితాలు, తర్వాతే కారు

చాలామంది కారంతా చూసి, నడిపి, మనసు పడ్డాక కాగితాలు చూస్తారు, అప్పటికి తేడా కనిపించినా మనకి మనమే సర్దిచెప్పుకుంటాం. అందుకే మొదటే చూడాలి.

చాసిస్ నంబర్ పట్టుకోండి. 1980ల నుంచి వచ్చిన చాలా కార్లకి ఇది 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది, ఇందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిష్ అక్షరాలు ఉండవు, 1, 0 అంకెలతో కలిసిపోతాయని వాటిని తీసేశారు. కాబట్టి కాగితం మీద సున్నా ఉన్నచోట బండి మీద ఓ కనిపిస్తే ఎవరో చెయ్యి పెట్టారేమో అని అనుమానించండి. ఈ నంబర్ ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డ్ అంచున, డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్‌లో, బాడీ మీద చెక్కి, మోడల్‌ని బట్టి రెండు మూడు చోట్ల ఉంటుంది. అన్నీ ఒకటేనా, కాగితాలతో కలుస్తున్నాయా చూడండి. చెక్కిన చోటు చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త వెల్డింగ్, అక్కడ మాత్రమే కొత్త పెయింట్ ఉంటే ఇక మాటల్లేవు, వచ్చేయండి.

అమ్మే మనిషి ఐడీలో పేరు, కాగితాల్లో ఓనర్ పేరు ఒకటేనా చూడండి. "మా బావమరిది బండి, ఆయన ఊర్లో లేడు" అంటే ఆయన ఊర్లోకి వచ్చాకే డబ్బులిస్తామని చెప్పండి. లోన్ ఉంటే అది తీరినట్టు అప్పిచ్చిన వాళ్ళ నుంచే రాతలో రావాలి, అమ్మేవాళ్ళ మాట చాలదు.

అదే నంబర్‌తో కంపెనీ రీకాల్ (లోపం సరిచేయడానికి కార్లని వెనక్కి పిలవడం) ఏమైనా పెండింగ్ ఉందేమో చూడండి, చాలా కంపెనీల వెబ్‌సైట్లలో నంబర్ కొడితే వస్తుంది, రీకాల్ పని మామూలుగా ఫ్రీగా చేస్తారు. ఇది చిన్న విషయం అనుకోకండి. టకాటా ఎయిర్‌బ్యాగుల గొడవ వల్ల ప్రపంచమంతా కోట్ల కార్లు వెనక్కి పిలిచారు, వాటిని ఉబ్బించే అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ పాడై, గుద్దుకున్నప్పుడు లోహపు ముక్కలు మనిషి మీదకే విసిరేది, జనం చనిపోయారు. 2000ల మొదటి నుంచి 2010ల మధ్య దాకా తయారైన చాలా కంపెనీల కార్లలో అవే ఉన్నాయి, ఇప్పుడు చవగ్గా దొరికేవి కూడా ఎక్కువగా ఆ కాలం కార్లే.

ఇక మీటర్ రీడింగ్. డిజిటల్ మీటర్ అయితే వెనక్కి తిప్పలేరు అనుకుంటారు, చిన్న మెషిన్‌తో నిమిషాల్లో తిప్పేస్తారు. పాత సర్వీస్ బిల్లుల మీద రాసిన కిలోమీటర్లు తేదీల వారీగా పెరుగుతూ వస్తున్నాయా చూడండి. తర్వాత బండినే అడగండి: యాభై వేలు తిరిగిందంటున్న కారుకి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ తోలు మెరుస్తూ, డ్రైవర్ సీటు అంచు కుంగిపోయి ఉంటే ఆ యాభై వేలు నమ్మొద్దు. నిజంగానే తక్కువ తిరిగిందనుకోండి, అదీ పూర్తి శుభవార్త ఏం కాదు. ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్న బండికి రబ్బరు సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడతాయి, బ్రేకులు పట్టేస్తాయి. లక్ష దాటినా టైముకి ఆయిల్ మార్చిన బిల్లులున్న కారు నాకు దానికన్నా నయం.

4. బాడీ: ఎక్కడ గుద్దుకుంది, ఎక్కడ తుప్పు పట్టింది

కారు మూల దగ్గర వంగి కూర్చుని పక్క భాగం పొడవునా చూపు పారించండి, వెలుగు గీత ఎక్కడైనా అలలా వంకర పోతే అక్కడ డెంటింగ్ జరిగింది. బోనెట్‌కీ ఫెండర్‌కీ మధ్య, డోర్లకీ పిల్లర్లకీ మధ్య సందు రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒక డోర్ రంగు ఒక చిటికె తేడాగా ఉందా, కిటికీ రబ్బర్ల మీద, లైట్ల అంచుల మీద పెయింట్ తుంపరలు పడ్డాయా చూడండి. అయస్కాంతం పుట్టీ మందంగా ఉన్నచోట సరిగా అంటుకోదు, కాకపోతే అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాలకి అది ఎప్పుడూ అంటుకోదు, అది చూసి భయపడొద్దు.

ఒక డోర్ మార్చడం, బంపర్ రంగేయడం పెద్ద తప్పేం కాదు, ఊళ్ళో తిరిగే బండికి గీతలు పడతాయి. మనం వెతికేది లోపలి అస్థిపంజరానికి దెబ్బ తగిలిందా అని. దానికోసం డోర్ రబ్బరు బీడింగ్ కొంచెం లాగి పిల్లర్ అంచు చూడండి, కంపెనీ స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒకే సైజులో వరసగా గుండ్రంగా ఉంటాయి, చేత్తో చేసింది ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. బోనెట్, ఫెండర్ బోల్టుల మీద పెయింట్ లేచిపోయిందంటే ఎప్పుడో విప్పారు. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి, అక్కడ రేకు ముడతలు, సుత్తి దెబ్బలు, తాజా సీలెంట్ ఉంటే వెనకనుంచి గట్టిగా తగిలింది. అద్దాల మూలన చిన్న అక్షరాల్లో తయారీ గుర్తులు ఉంటాయి, అన్నీ ఒకలా ఉండి ఒక్కటి మాత్రం వేరే సంవత్సరానిదైతే అది ఎందుకు మారిందో అడగండి.

తుప్పులో రెండు రకాలు. పైన పెయింట్ లేచి ఎర్రగా కనిపించేది చూడ్డానికి బాగోదు అంతే. కింద డోర్ల కింది అంచుల్లో, సస్పెన్షన్ బిగించే చోట్ల, బోనెట్ తెరిస్తే షాకప్స్ పై తలలు బిగించే చోట, బ్రేక్ పైపుల మీద పొరలు పొరలుగా లేచిన తుప్పు వేరు, అది మనిషి ప్రాణంతో ముడిపడింది. వేలితో నొక్కితే కరకరలాడినా, రేకు లోపలికి పోయినా ఇక ఆ కారు వద్దు. అడుగంతా ఈ మధ్యే నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే దాని కింద ఏముందో అనే అనుమానం పెట్టుకోండి. కింద చూడ్డానికి టార్చ్ వేసి పక్కనుంచి వంగి చూడండి, ఒట్టి జాకీ మీద లేపిన కారు కిందకి ఎట్టి పరిస్థితిలోనూ దూరొద్దు.

వరద కారుని పట్టుకోవడం కష్టం కానీ అసాధ్యం కాదు. సీట్ బెల్టు చివరిదాకా లాగండి, ఎవరూ ఉతకని ఆ చివరి అడుగులో బురద గీత కనిపిస్తుంది. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా, కార్పెట్ కింద ఇసుక, తేమ ఉందా, హెడ్‌లైట్ లోపల నీటి మరక ఉందా చూడండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే కిటికీలు మూసి ఐదు నిమిషాలు కూర్చోండి, ముక్కిన వాసన బయటపడుతుంది. మునిగిన కారులో వైర్ల కనెక్టర్లు నెలల తర్వాత లోపల్లోపల తుప్పు పట్టి ఒక్కోటీ మొరాయిస్తాయి, ఏ మెకానిక్కూ పూర్తిగా బాగుచేయలేడు.

5. టైర్లు

టైరు పక్కన గుండ్రటి గీతలో నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గాడి లోతు చాలా దేశాల్లో కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి, గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి, రబ్బరు వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టే. అరుగుదల తీరు ఇంకా ముఖ్యం. ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) పోయిందో, సస్పెన్షన్ భాగం అరిగిందో, చాసిస్ వంగిందో. మధ్యలో అరిగితే గాలి ఎక్కువ, రెండంచులూ అరిగితే గాలి తక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే షాకప్స్ పోయాయి. అమ్మడానికి ముందు వేసిన కొత్త టైర్లు ఇవన్నీ దాచేస్తాయి కాబట్టి పాతవి ఎక్కడున్నాయో అడిగి చూడండి.

6. బోనెట్ కింద, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు

డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి తుడిచి మళ్ళీ ముంచి చూడండి. ఆయిల్ లెవెల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. నల్లగా ఉందని కంగారొద్దు, డీజిల్లో మార్చిన కొద్దిసేపటికే నల్లబడుతుంది. చూడాల్సింది ఇసుకలాగా తగులుతోందా, తెల్లగా నురగలా ఉందా. ఆయిల్ మూత కింద కాస్త తెల్లటి పేస్టు ఉంటే చిన్న దూరాలు తిరిగే బండికి చెమ్మ వల్ల కూడా వస్తుంది, అదొక్కటే చూసి తీర్పు ఇవ్వొద్దు. కానీ డిప్‌స్టిక్ మీదా అదే తెల్లదనం, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) డబ్బాలో ఆయిల్ తెట్టు కూడా ఉంటే రెండూ కలుస్తున్నాయి, ఎక్కువగా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉంటుంది, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోండి.

కూలెంట్ దాని రంగులోనే, మడ్డి లేకుండా శుభ్రంగా ఉండాలి, తుప్పు రంగులో ఉంటే ఉత్త నీళ్ళు పోసి నడిపారు. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తెరవాలి, వేడి మీద తెరిస్తే ప్రెషర్‌లో ఉన్న కూలెంట్ ఒక్కసారిగా ముఖం మీదకి ఎగజిమ్ముతుంది.

బెల్టులకి పగుళ్ళు, పైపులకి ఉబ్బులు, బ్యాటరీ టెర్మినళ్ళ మీద పచ్చటి బూజు చూడండి. మల్టీమీటర్ ఉంటే నిలబెట్టి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర్లో ఉండాలి, స్టార్ట్ చేశాక మామూలుగా 13.5 నుంచి 14.7 మధ్య రావాలి, పెరగకపోతే డైనమో పని ఉంది. ఇంజిన్ మొత్తం నీళ్ళతో కడిగి తళతళలాడుతుంటే ఆయిల్ లీకు ఎక్కడుందో తెలియకుండా చేశారేమో అనుకోవాలి, కొంచెం దుమ్ము పట్టిన ఇంజినే నిజం చెప్తుంది.

టైమింగ్ బెల్ట్ గురించి ఒక మాట. బెల్ట్ ఉందా, చైన్ (గొలుసు) ఉందా అనేది మోడల్‌ని బట్టి, ముందే తెలుసుకుని వెళ్ళండి. బెల్టయితే కంపెనీ చెప్పిన కిలోమీటర్లకో ఏళ్ళకో ఏది ముందొస్తే దానికి మార్చాలి, చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి ఇంజిన్ మొత్తం పోతుంది. మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు రేటులోంచి తీసేయండి.

7. తాళం తిప్పడం

మొదట ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి మీటర్ బోర్డు చూడండి. ఇంజిన్ లైటు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, ఆయిల్ లైట్లన్నీ వెలగాలి. ఏదైనా అసలు వెలగలేదంటే బల్బు పీకేసి ఉండొచ్చు, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ లైటు. అందరూ ఆరిపోయిందా అని చూస్తారు, వెలిగిందా అని చూసేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు స్టార్ట్ చేయండి, మీ తోడు మనిషిని సైలెన్సర్ దగ్గర నిలబెట్టండి. సెల్ఫ్ ఒక్కసారికే అందుకోవాలి, ఆయిల్ లైటు రెండు మూడు క్షణాల్లో ఆరిపోవాలి. మొదటి క్షణాల్లో గొలుసు గలగల వినపడి ఆగకపోతే టైమింగ్ చైన్ సాగింది. పొగ రంగు ఇలా చదవండి:

నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. స్టార్ట్ చేయగానే గుప్పుమని వచ్చి ఆగితే వాల్వ్ సీళ్ళు, కొన్నాళ్ళు నెట్టుకురావచ్చు. రేజ్ చేసిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగులు, అంటే ఇంజిన్ బోరుకొచ్చింది.

తెల్లటి ఆవిరి చల్లటి పొద్దున కాసేపు వచ్చి పోవడం మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా చిక్కగా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపల కాలుతోంది.

నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువ పోతోంది, పెట్రోల్‌లో సెన్సార్ కావచ్చు, డీజిల్‌లో ఇంజెక్టర్లు కావచ్చు, మెకానిక్ చూడాలి.

ఇంజిన్‌ని అలాగే పదిహేను ఇరవై నిమిషాలు ఏసీ వేసి నడవనివ్వండి. ఈలోపు కిటికీలు, లాకులు, లైట్లు, వైపర్లు, హారన్, హీటరు అన్నీ చూసేయండి. ఇంత సేపు ఎందుకంటే వేడెక్కే రోగం చాలా బండ్లలో నిలబడి ఉన్నప్పుడు బయటపడుతుంది. టెంపరేచర్ ముల్లు ఒక చోట నిలబడాలి, రేడియేటర్ ఫ్యాన్ తిరగాలి. కొందరు ఏసీ వేయనివ్వరు, గ్యాస్ అయిపోయింది అంతే అంటారు, గ్యాస్ దానంతటది అయిపోదు, లీకుంటేనే పోతుంది.

ఓబీడీ స్కానర్ ఉంటే ఇప్పుడే పెట్టండి. లోపం కోడ్ ఏం లేదని సంతోషపడకుండా రెడీనెస్ అనే పేజీ తెరవండి. కోడ్లు ఈ మధ్యే చెరిపేసి ఉంటే అక్కడ చాలా టెస్టులు పూర్తి కాలేదు అని చూపిస్తుంది, బండి కొన్ని రోజులు తిరిగితే గానీ అవి పూర్తవ్వవు. బ్యాటరీ పీకినా ఇలాగే అవుతుంది, ఎప్పుడు పీకారో, ఎందుకో అడగండి.

8. నడపడం

ఇన్సూరెన్స్ ఉందా, మీకు లైసెన్స్ ఉందా చూసుకుని, పాటలు ఆపేసి, కిటికీ దించి నడపండి. గుంతల రోడ్డు, ఖాళీగా ఉన్న వేగం రోడ్డు, ఎత్తు రోడ్డు, మూడూ తగలాలి. ఇంటి చుట్టూ ఒక రౌండ్ వేయించి చాలు అంటే ఒప్పుకోవద్దు, కనీసం అరగంట.

బయల్దేరే ముందు బ్రేక్: ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదు సార్లు తొక్కితే గట్టిపడుతుంది, అలాగే నొక్కిపెట్టి స్టార్ట్ చేస్తే కొంచెం కిందకి దిగాలి, దిగకపోతే బూస్టర్ (బ్రేక్ తేలిగ్గా పడేలా చేసేది) పని చేయట్లేదు. నొక్కి పట్టుకుంటే మెల్లగా నేల దాకా పోతుంటే ఆ కారు నడపొద్దు కూడా. రోడ్డు మీద వెనక ఎవరూ లేనప్పుడు గట్టిగా బ్రేక్ వేయండి, ఒక పక్కకి లాగితే క్యాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని నొక్కే భాగం) పట్టేసింది, స్టీరింగ్ వణికితే డిస్కులు పోయాయి. రెండూ డబ్బుతో పోయేవే.

క్లచ్ కోసం ఖాళీ రోడ్డులో నాలుగో గేరులో మెల్లగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కండి, ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్ జారుతోంది. గేర్లన్నీ, రివర్స్‌తో సహా, గీరుకోకుండా పడాలి. ఏదో ఒక గేరు దానంతటదే న్యూట్రల్లోకి జారిపోతే అది క్లచ్ సమస్య కాదు, గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

ఆటోమేటిక్ అయితే బ్రేక్ మీద కాలుంచి డ్రైవ్‌లోకి, రివర్స్‌లోకి మార్చండి, క్షణంలో పట్టుకోవాలి. రెండు మూడు క్షణాలు ఆలోచించి ధబ్‌మని పట్టుకున్నా, నడుస్తుండగా గేరు మారేటప్పుడు ఇంజిన్ ఖాళీగా అరిచినా, తక్కువ రేటు కారులో ఆ రిస్క్ వద్దు. వేడెక్కాక మళ్ళీ ఒకసారి చూడండి, కొన్ని గేర్‌బాక్సులు చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి వేడిలో జారతాయి.

ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పి మెల్లగా గుండ్రంగా తిప్పండి, రెండో పక్కకి కూడా. టకటక చప్పుడొస్తే యాక్సిల్ జాయింట్. వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే మోత, స్టీరింగ్ ఒక పక్కకి తిప్పినప్పుడు మారుతుంటే వీల్ బేరింగ్. గుంతల్లో డబడబ కొడితే బుష్‌లు, షాకప్స్. సమమైన రోడ్డు మీద క్షణం పాటు స్టీరింగ్ మీద పట్టు వదులు చేస్తే బండి నేరుగా పోవాలి, నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా ఉంటే అలైన్‌మెంట్ చేయించి చూడాలి, అది చేశాక కూడా సరికాకపోతే చాసిస్ అనుమానం.

తిరిగొచ్చాక బండిని పది నిమిషాలు ఆపి, కింద ఏం కారిందో చూసి మళ్ళీ స్టార్ట్ చేయండి. ఏసీ నీళ్ళు కారడం మామూలే, ఆయిల్, కూలెంట్ చుక్కలు కాదు. వేడి మీద స్టార్ట్ కావడానికి మొరాయించే బండ్లు కూడా ఉంటాయి.

9. మీ మెకానిక్, మీ డబ్బు

ఇంతవరకూ చేసిందంతా చెడ్డ కార్లని వడపోయడానికే. ఇందులో నిలబడ్డ కారుని లిఫ్ట్ ఉన్న షాపుకి తీసుకెళ్ళి, అమ్మేవాళ్ళతో సంబంధం లేని మెకానిక్‌కి ఫీజిచ్చి చూపించండి. "చూసి బాగుందో లేదో చెప్పండి" అనకుండా ఏమేం చేయించాలి, ఇప్పుడు ఎంత, ఏడాదిలో ఎంత అని అడగండి. అనుమానం ఉంటే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి సరిగా ఉందేమో చూసేది), కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ కలుస్తోందేమో చూసే కెమికల్ టెస్ట్ చేయించండి, ఆ నీలం ద్రవం పసుపు రంగులోకి తిరిగితే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. మెకానిక్‌కి చూపించడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే మనకి జవాబు దొరికేసింది. ఆ ఫీజు పోయినా బాధపడొద్దు, అది పోగొట్టి పెద్ద మొత్తం కాపాడుకున్నారు.

10. బేరం

రాసుకున్న లిస్టు, మెకానిక్ ఇచ్చిన అంకెలు ముందు పెట్టి మాట్లాడండి. "కొంచెం తగ్గించండి" అంటే ఆయన కొంచెమే తగ్గిస్తాడు, "నాలుగు టైర్లు, టైమింగ్ బెల్ట్, ముందు షాకప్స్, ఇదీ మొత్తం" అంటే మాట వేరేగా నడుస్తుంది. బండిని తక్కువ చేసి మాట్లాడి ఆయన్ని నొప్పించక్కర్లేదు, చాలామంది ఆ కారుని ప్రేమగానే చూసుకుని ఉంటారు. మీ పై అంకె ఇంట్లోనే రాసుకుని వెళ్ళండి, అది దాటితే లేచి వచ్చేయండి. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నారు" అన్నా సరే, రానివ్వండి. అడ్వాన్సు ఇస్తే ఏ షరతు మీద ఇస్తున్నారో, కుదరకపోతే వెనక్కి ఇస్తారా లేదా రాసుకోండి. మొత్తం డబ్బు యజమానికి, ట్రాన్స్‌ఫర్ కాగితాల మీద సంతకాలయ్యే చోటే, బ్యాంకు ద్వారా ఇవ్వండి. పేరు మార్పు అదే వారం చేయించండి, వాళ్ళ పేరు మీద తిప్పితే రేపు ఏ చలానొచ్చినా ప్రమాదమొచ్చినా ఇద్దరికీ తలనొప్పి.

11. తీసుకొచ్చిన మొదటి వారం

రెండు తాళాలూ, వీల్ లాక్ నట్ ఉంటే దాని కీ, జాకీ, సర్వీస్ పుస్తకం అడిగి తీసుకోండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్ పాత ఓనర్ ఏం చెప్పినా మార్చేయండి, ఆ తేదీ, కిలోమీటర్లు రాసిపెట్టుకుంటే ఇకమీద లెక్క మీది. బ్రేక్ ఆయిల్ గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాలి, ఎప్పుడు మార్చారో తెలియకపోతే అదీ ఇప్పుడే. టైమింగ్ బెల్ట్ బిల్లు లేకపోతే వాటర్ పంపుతో కలిపి మార్పించండి, రెండూ ఒకే చోట విప్పాలి కాబట్టి కూలీ ఒకసారే పడుతుంది. మొదటి నెలంతా వారానికోసారి చల్లటి ఇంజిన్ మీద ఆయిల్, కూలెంట్ లెవెల్ చూస్తూ ఉండండి, ఎంత తగ్గుతోందో గీత పెట్టి చూస్తే ఆ బండి ఎంత తాగుతుందో తెలిసిపోతుంది.